బియాస్‌లో కరిగే మంచు లెక్క: డిగ్రీ-డే గుణకం జోలికి ఆఖర్న వెళ్ళండి

మంచు కరిగి నదిలోకి ఎంత నీరొస్తుందో లెక్కగట్టే స్నోమెల్ట్ మోడల్ నడిపాక, లెక్కగట్టిన ప్రవాహానికీ కొలిచిన ప్రవాహానికీ పొంతన కుదరకపోతే చాలామంది చెయ్యి ముందుగా వెళ్ళేది, ఒక్కో డిగ్రీ వేడికి రోజుకు ఎంత మంచు కరుగుతుందో చెప్పే డిగ్రీ-డే గుణకం మీదికే. 0.40 పెట్టి చూస్తారు. చాలకపోతే 0.55. అదీ కాకపోతే ఏప్రిల్‌కి ఒకటి, జూన్‌కి ఇంకొకటి. కాసేపటికి గ్రాఫు మీద రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, నాష్ విలువ (పొంతన ఎంత బాగుందో చెప్పే అంకె, పూర్తిగా కుదిరితే 1) 0.85 దాటుతుంది, అందరూ సంతోషం. అదే మోడల్‌కి మరుసటి ఏడాది డేటా ఇస్తే ఏ నెలా కుదరదు. అసలు తప్పు ఆ గుణకంలో లేదు మరి. ఉష్ణోగ్రతలోనో, మంచు విస్తీర్ణంలోనో ఉన్న తప్పును గుణకం భుజాన వేసుకుని మోసింది, అంతే.

అందుకే సరిచేసే వరుస ముఖ్యం. ముందు పరీవాహక ప్రాంతం, తర్వాత ఉష్ణోగ్రత, తర్వాత మంచు విస్తీర్ణం, ఆ తర్వాత కొలిచిన ప్రవాహం. ఇవన్నీ తేలాకే గుణకాలు. ఇదంతా హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మీద, పండో డ్యాం వరకూ ఉన్న భాగాన్ని పెట్టుకుని చెబుతాను. ఆ ప్రాంతం సుమారు 5,278 చదరపు కిలోమీటర్లు. కింద పండో దగ్గర 900 మీటర్ల లోపు ఎత్తు, పైన 6,000 దాటిన శిఖరాలు. పండో దగ్గర ఏడాది మొత్తం మీద వచ్చే నీటిలో మంచు, హిమానీనదాల వాటా 35 శాతం దాకా ఉంటుందని ప్రచురిత అధ్యయనం ఒకటి ఉంది. భాక్రా దగ్గర సట్లెజ్‌కి ఇదే వాటా 59 శాతమని, అఖ్నూర్ దగ్గర చినాబ్‌కి 49 శాతమని లెక్కలున్నాయి. అంటే బియాస్‌లో మంచుకీ రుతుపవన వర్షానికీ మధ్య ఎప్పుడూ పేచీయే. మోడల్‌కి పరీక్ష కూడా అక్కడే.

లెక్క ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. ఎస్‌ఆర్‌ఎం అని పిలిచే స్నోమెల్ట్ రన్ఆఫ్ మోడల్ మార్టినెక్ 1975లో ఐరోపాలోని చిన్న పరీవాహక ప్రాంతాల కోసం తయారుచేసింది. రోజువారీ అడుగుతో నడుస్తుంది. సున్నా డిగ్రీల పైన ఉన్న ప్రతి డిగ్రీకీ ఇన్ని సెంటీమీటర్ల నీరు కరుగుతుందని చెప్పేదే డిగ్రీ-డే గుణకం. దాన్ని ఆ రోజు సగటు ఉష్ణోగ్రతతో, నేల మీద మంచు కప్పిన వాటాతో, నదికి చేరే నీటి వాటా చెప్పే రన్ఆఫ్ గుణకంతో గుణించి, వానను దాని రన్ఆఫ్ గుణకంతో గుణించి కలిపితే ఆ రోజు పుట్టిన నీరు. అందులో కొంత వంతు వెంటనే నదిలో కనబడుతుంది, మిగతాది మెల్లగా దిగుతుంది. ఎంత మెల్లగా అన్నది తగ్గుదల గుణకం చెబుతుంది.

ఒక ఎత్తు జోన్ విస్తీర్ణం 1,200 చ.కి.మీ. అనుకుందాం. అందులో 60 శాతం మంచు ఉంది, జోన్ సగటు ఉష్ణోగ్రత 6 డిగ్రీలు, డిగ్రీ-డే గుణకం 0.45 సెం.మీ., రన్ఆఫ్ గుణకం 0.8. కరుగు 2.7 సెం.మీ. మంచు వాటాతో గుణిస్తే 1.62. రన్ఆఫ్ గుణకంతో గుణిస్తే 1.296 సెం.మీ. సెంటీమీటరు-చదరపు కిలోమీటర్లను సెకనుకు ఘనపు మీటర్లుగా మార్చడానికి 10,000ని 86,400తో భాగించి గుణించాలి. 180 క్యూమెక్కులు వస్తుంది. మన శ్రీశైలం భాషలో చెప్పాలంటే దాదాపు 6,350 క్యూసెక్కులు, రోజుకు అర టీఎంసీకి కాస్త ఎక్కువ. తగ్గుదల గుణకం 0.9 అయితే అందులో పదో వంతు, అంటే 18 క్యూమెక్కులే మొదటి రోజు నదిలో కలుస్తుంది. మిగతాది రోజురోజుకూ 0.9తో తరిగే తోకలో వస్తుంది.

ఈ సూత్రంలో ఉష్ణోగ్రత, మంచు వాటా, డిగ్రీ-డే గుణకం మూడూ గుణకారంలోనే ఉన్నాయి గమనించండి. ఒకదాని తప్పును ఇంకొకటి సరిగ్గా కప్పిపుచ్చగలదు. నా గొడవంతా అదే.

పరీవాహక ప్రాంతం గీయడం సులువే గానీ రెండు చోట్ల జారతారు. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల పటంలో నిటారు కొండవాలుల దగ్గర ఖాళీలుంటాయి. నింపకుండా వాడితే వాగు దారి తప్పి పక్క లోయలోకి పోతుంది. కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల పటాన్నైనా, భువన్ పోర్టల్‌లోని కార్టోడెమ్ పటాన్నైనా తీసుకుని సరిపోల్చుకోండి. రెండోది, నీరు బయటికెళ్ళే బిందువు. డ్యాం మీద చుక్క పెడితే అది నది గీత మీద పడకపోవచ్చు. దాన్ని ఎక్కువ ప్రవాహం పోగయ్యే పిక్సెల్ మీదికి జరపాలి. గీసిన విస్తీర్ణం 5,278కి దగ్గరగా రాకపోతే ముందుకు వెళ్ళొద్దు. తర్వాత 500 మీటర్ల చొప్పున ఎత్తు జోన్లుగా కోయాలి. ప్రతి జోన్‌కీ సగటు ఎత్తును పై, కింది హద్దుల నడుమ మధ్యబిందువుగా తీసుకోకూడదు. ఆ జోన్ విస్తీర్ణాన్ని సరిగ్గా సగం చేసే ఎత్తు తీసుకోవాలి. పై జోన్లలో నేల కింది అంచు దగ్గరే ఎక్కువ పేరుకుని ఉంటుంది కాబట్టి ఈ రెంటికీ వంద మీటర్ల దాకా తేడా రావచ్చు.

ఉష్ణోగ్రత దగ్గర కాసేపు ఆగాలి. ఈ బేసిన్‌లో ఏళ్ళ తరబడి డేటా ఉన్న స్టేషన్లు పండో, లార్జీ, భుంతర్, మనాలీ లాంటివి. అన్నీ లోయలోనే. భుంతర్ సుమారు 1,090 మీటర్ల ఎత్తు, మనాలీ 2,000కి అటూ ఇటూ. మంచు కరిగేది 3,000 నుంచి 5,000 మధ్య. నడుమ ఉన్నదంతా మనం వేసుకునే లాప్స్ రేటు, అంటే ఎత్తుకెళ్ళే కొద్దీ ఉష్ణోగ్రత తగ్గే రేటు. పుస్తకాల్లో వంద మీటర్లకు 0.65 డిగ్రీ అని ఉంటుంది, అందరూ అదే పెట్టేస్తారు.

జూన్‌లో ఒక రోజు భుంతర్‌లో సగటు 25 డిగ్రీలు అనుకోండి. 4,000–4,500 జోన్ సగటు ఎత్తు 4,240 అయితే ఎత్తు తేడా 3,150 మీటర్లు. 0.65తో లెక్కిస్తే పైన 4.5 డిగ్రీలు. 0.55తో లెక్కిస్తే 7.7 డిగ్రీలు. డిగ్రీ-డే గుణకం 0.5 అయితే మొదటి లెక్కలో రోజుకు 2.26 సెం.మీ., రెండో లెక్కలో 3.84 సెం.మీ. కరుగుతుంది. అంటే 70 శాతం తేడా! లాప్స్ రేటులో పదో వంతు డిగ్రీ మారితే ఇంత తేడా వచ్చేచోట గుణకాన్ని 0.45 నుంచి 0.48కి మార్చి సంబరపడటం నాకైతే హాస్యంగానే ఉంటుంది.

హిమాలయాల్లో ఈ రేటు ఏడాది పొడుగునా ఒకటిగా ఉండదు. రుతుపవనాలకు ముందు, ఏప్రిల్-మే నెలల్లో గాలి పొడిగా ఉండి రేటు ఎక్కువగా ఉంటుంది. జూలై-ఆగస్టుల్లో తేమ గాలి పైకి లేస్తూ మేఘంగా మారినప్పుడు వేడి విడుదలవుతుంది కాబట్టి రేటు తగ్గుతుంది. చలికాలం లోయ అడుగున చల్లగాలి పేరుకుని ఒక్కోసారి రేటు తలకిందులే అవుతుంది. కాబట్టి నెలకొక రేటు కట్టుకోండి. కనీసం రెండు ఎత్తుల స్టేషన్ల నుంచి, వీలైతే పైన ఉన్న ఒక ఆటోమేటిక్ స్టేషన్‌ని కలిపి. భుంతర్, మనాలీ రెంటితోనే కట్టి 4,500 దాకా సాగదీస్తే నమ్మకం తక్కువ. ఆ రెండూ జనం, తోటలు ఉన్న లోయ అడుగు స్టేషన్లు. పైన మంచు పరిచిన వాలు మీది గాలి వేరు.

దీనికి ఒక తనిఖీ ఉంది. మోడిస్ అనే ఉపగ్రహ సెన్సర్ చిత్రాల్లో ఏప్రిల్ నుంచి మంచు రేఖ, అంటే మంచు కింది అంచు, ఎత్తు ఎలా పాకుతోందో చూడండి. మీ లెక్కలో సున్నా డిగ్రీల ఎత్తు ఎప్పుడూ దానికి పైనే ఉండాలి. మే నెలలో మంచు రేఖ పైకి పోతూనే ఉండి, మీ సున్నా రేఖ మాత్రం దాని కిందే వారాల తరబడి కూర్చుంటే రేటు తప్పు. గుణకాన్ని ముట్టుకోకుండానే ఈ సంగతి తేలిపోతుంది.

ఇంకో చిక్కు రోజు సగటులో ఉంది. పగలు 5, రాత్రి మైనస్ 6 అయితే సగటు మైనస్ 0.5. మోడల్ ఆ రోజు చుక్క కరగలేదంటుంది. కానీ మధ్యాహ్నం నాలుగైదు గంటలు కరిగే ఉంటుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో, ఇంకా పై జోన్లలో జూన్ దాకా ఇలాంటి రోజులే ఎక్కువ. గరిష్ఠ, కనిష్ఠాల మధ్య సైన్ వక్రం గీసి సున్నా పైనున్న గంటలను మాత్రమే కూడితే ఇది సర్దుకుంటుంది. సగటుతోనే పోతే సీజన్ మొదట్లో ప్రవాహం తక్కువ వస్తుంది, జనం ఏప్రిల్ గుణకాన్ని పెంచుతారు. భౌతికంగా చూస్తే కొత్త మంచు ఉన్న ఏప్రిల్‌లో గుణకం తక్కువ ఉండాలి!

ఇక మంచు విస్తీర్ణం. ఎక్కువ మంది వాడేది టెర్రా ఉపగ్రహం మీది మోడిస్ నుంచి వచ్చే రోజువారీ మంచు పటం, మోడ్10ఏ1. బియాస్ మొత్తం ఒకే టైల్‌లో, హెచ్24వీ05లో పడుతుంది. ఇందులో ఎన్‌డీఎస్ఐ అనే సూచిక ఉంటుంది. ఆకుపచ్చ కాంతిలో మంచు తెల్లగా మెరుస్తుంది, 1.6 మైక్రోమీటర్ల షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో దాదాపు నల్లగా ఉంటుంది. ఆ రెంటి తేడాను మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీఎస్ఐ. 0.4 దాటితే మంచు అని పాత నియమం. ఆరో సంస్కరణ నుంచి మంచు శాతం ఇవ్వడం మానేసి, 0 నుంచి 100 వరకూ ఎన్‌డీఎస్ఐ విలువలే ఇస్తున్నారు. అక్కడ 55 అని కనబడితే పిక్సెల్‌లో 55 శాతం మంచు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది శాతం కాదు. శాతం కావాలంటే ఎన్‌డీఎస్ఐని 1.45తో గుణించి 0.01 తీసేసే పాత సమీకరణం ఉంది. 0.55కి దాదాపు 79 శాతం వస్తుంది.

ఫైల్‌లో 100 దాటిన అంకెలన్నీ కోడ్‌లు. 250 మేఘం, 237 చెరువు లేదా నది, 211 రాత్రి, 201 తేల్చలేనిది, 200 డేటా లేనిది, 255 నింపుడు. మోడిస్ పటాలుండే సైనుసాయిడల్ గ్రిడ్ నుంచి మీటర్లలో కొలిచే యూటీఎం 43 ఉత్తర జోన్‌కి మార్చేటప్పుడు దగ్గరి పిక్సెల్ పద్ధతే వాడాలి. పక్క పిక్సెళ్ళను సగటు చేసే బైలీనియర్ పద్ధతి పెడితే 250 మేఘం, పక్కనే 40 మంచు కలిసి 145 అనే అర్థంలేని విలువ పుడుతుంది. అది స్క్రిప్ట్‌లో ఏ కోడ్‌కీ చిక్కదు. 100 దాటినవన్నీ మంచు కాదని తీసేసే స్క్రిప్ట్ అయితే మేఘం అంచులన్నీ నేలగా మారిపోతాయి. పిక్సెల్‌ని 500 మీటర్లని పిలుస్తారు గానీ అసలు కొలత 463 మీటర్లు. విస్తీర్ణానికి 0.25తో గుణిస్తే 16 శాతం ఎక్కువ వస్తుంది, 0.2147తో గుణించాలి. వాటాలే వాడేవాళ్ళకి ఈ గొడవ లేదు.

మేఘాలు తొలగించడానికి ఒక వరుస ఉంది. మొదట టెర్రా ఉదయపు చిత్రంలో మేఘం ఉన్నచోట, మోడిస్ ఉన్న రెండో ఉపగ్రహం ఆక్వా మధ్యాహ్నపు చిత్రం వాడతాం (మొదట్లో అవి 10:30కీ 1:30కీ దాటేవి). ఆ నడుమ గంటల్లో మేఘం జరుగుతుంది. ఆక్వాలో 1.6 మైక్రోమీటర్ల బ్యాండ్ డిటెక్టర్లు చాలావరకు పాడయ్యాయి. పాత సంస్కరణలో దాని బదులు 2.1 బ్యాండ్ వాడారు, కొత్తదాంట్లో గణితంతో పునరుద్ధరించారు. కాబట్టి రెండు సంస్కరణలను ఒకే వరుసలో కలపొద్దు. తర్వాత ముందు వెనుక రెండు మూడు రోజులు చూసి, రెండు వైపులా మంచే ఉంటే మధ్యన కూడా మంచు అనుకోవడం. ఆ తర్వాత మంచు రేఖ పద్ధతి. మేఘం లేని పిక్సెళ్ళలో మంచు ఉన్నవాటి సగటు ఎత్తు, లేనివాటి సగటు ఎత్తు తీస్తాం. మేఘం కింది పిక్సెల్ మొదటిదాని కంటే పైనుంటే మంచు, రెండోదాని కంటే కిందుంటే నేల, మధ్యలో ఉంటే పాక్షికం. ఇది మేఘం 70 శాతం లోపు ఉన్నప్పుడే చేయాలని నా అభిప్రాయం. అంతకు మించితే ఆ రోజును వదిలేయడమే మేలు. ఈ పద్ధతిని ఉత్తరపు వాలుకీ దక్షిణపు వాలుకీ విడివిడిగా చేయకపోతే కులు లోయలో రెండు వైపులా తప్పే. నీడ వాలు మీద మంచు రేఖ చాలా కిందికి ఉంటుంది.

టెర్రా కక్ష్య నియంత్రణ 2020 తర్వాత ఆపేశారు కాబట్టి అది దాటే సమయం క్రమంగా మరింత పొద్దుటి వైపు జరుగుతోంది. ఉదయం నీడలు పొడుగవుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 375 మీటర్ల పిక్సెల్ ఉన్న వీర్స్ అనే కొత్త తరం ఉపగ్రహ సెన్సర్‌తో మొదలుపెట్టడం మంచిది.

ఎనిమిది రోజుల మోడ్10ఏ2 విషయంలో మాత్రం జాగ్రత్త. మేఘాలు తక్కువ కనబడతాయని అందరికీ ఇష్టం. కానీ అది ఎనిమిది రోజుల్లో ఒక్క రోజు మంచు కనబడినా మొత్తం మంచనే రాస్తుంది. ఏప్రిల్ మధ్యలో ఒక పశ్చిమ అలజడి, అంటే పడమటి నుంచి వానా మంచూ తెచ్చే వాతావరణ వ్యవస్థ, వచ్చి 8 సెం.మీ. కొత్త మంచు పడిందనుకోండి. సాంద్రత 0.1 అయితే అందులో నీరు 0.8 సెం.మీ. మాత్రమే. జోన్ ఉష్ణోగ్రత 3 డిగ్రీలు, గుణకం 0.4 అయితే రోజుకు 1.2 సెం.మీ. కరుగు, అంటే రోజు తిరక్కుండానే ఆ మంచు మాయం. కానీ ఎనిమిది రోజుల చిత్రం చూసిన మోడల్ ఆ నేల మీద ఎనిమిది రోజులూ మంచు ఉందనుకుని 9.6 సెం.మీ. కరిగిస్తుంది. ఉన్న నీటికి పన్నెండు రెట్లు! ఏప్రిల్‌లో మోడల్ ఎక్కడలేని ప్రవాహం చూపించి, మే నాటికి సర్దుకుంటుంటే ముందు ఇక్కడే వెతకండి. దానికి తోడు ఆ ఫైల్ పేరులో తేదీ ఎనిమిది రోజుల మొదటి రోజుది. తేదీని అలాగే వాడి మధ్యలో గీత గీస్తే వక్రం నాలుగు రోజులు ముందుకు జరుగుతుంది.

చిన్న లోయలకి 500 మీటర్లు చాలదు. సెంటినెల్-2, ల్యాండ్‌శాట్ ఉన్నాయి, మన రిసోర్స్‌శాట్ మీది ఏవైఫ్స్ కెమెరా కూడా ఉంది. 56 మీటర్ల పిక్సెల్, 740 కిలోమీటర్ల వెడల్పు, ఐదు రోజులకోసారి. ఆ చిత్రాలు షాద్‌నగర్‌లోని గ్రౌండ్ స్టేషన్‌లో దిగి, హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ ద్వారా బయటికొస్తాయి. ఆ సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌ఏ పేరుతో ఉన్న 1980ల్లోనే భాక్రాకు వచ్చే మంచునీటిని ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేసేది. ఏవైఫ్స్‌లో రెండో బ్యాండ్, ఐదో బ్యాండ్‌తో ఎన్‌డీఎస్ఐ మనమే కట్టుకోవాలి. ముడి అంకెలతో కట్టొద్దు. ముందు సూర్యుడి కోణం సరిచేసి పరావర్తనంగా మార్చాలి, లేకపోతే 0.4 హద్దుకు అర్థమే లేదు. తేట నీటికి కూడా ఎన్‌డీఎస్ఐ ఎక్కువే వస్తుంది కాబట్టి సమీప ఇన్‌ఫ్రారెడ్ పరావర్తనం 0.11 దాటాలన్న షరతు కలపండి. పండో జలాశయం జూన్‌లో మంచు గడ్డగా కనబడితే ఆ షరతు మర్చిపోయినట్టే.

అడవి ఇంకో సమస్య. 2,000 నుంచి 3,500 మీటర్ల దాకా దేవదారు, ఫర్ చెట్ల కింద మంచు పైనుంచి కనబడదు. ఫిబ్రవరి-మార్చిలో ఆ జోన్ల మంచు వాటా తక్కువొస్తుంది. పచ్చదనాన్ని చెప్పే ఎన్‌డీవీఐ సూచిక ఎక్కువున్నచోట ఎన్‌డీఎస్ఐ హద్దును తగ్గించే పద్ధతి దీనికి కొంత మందు.

హిమానీనదాలది మరో రకం తిరకాసు. పార్వతి లోయ పై భాగంలో పెద్దవే ఉన్నాయి. ఆగస్టు-సెప్టెంబర్‌లో మీది మంచు పోయి ఉత్త ఐసు తేలుతుంది. ఎన్‌డీఎస్ఐకి రెండూ ఒకటే. మంచు వాటా పడిపోకుండా ఒకచోట ఆగిపోతుంది, మోడల్ దాన్ని మంచు గుణకంతోనే కరిగిస్తుంది. ప్రపంచ హిమానీనదాల హద్దులుండే ర్యాండాల్ఫ్ జాబితా నుంచి హిమానీనదాల హద్దులు తెచ్చి విడిగా కోసి, ఐసుకు వేరే గుణకం, 0.7కి అటూ ఇటూ, ఇవ్వండి. రాళ్ళు కప్పిన నాలుక భాగాల్లో మరీ జాగ్రత్త. రాతిపొడి పలుచగా, ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటే వేడి పీల్చి కరుగు పెంచుతుంది. మందంగా ఉంటే దుప్పటిలా కప్పి తగ్గిస్తుంది.

వరుసలో తర్వాతిది కొలిచిన ప్రవాహం, దాని సంగతి కింద చెబుతాను. అదీ తేలాకే డిగ్రీ-డే గుణకం. దానికి కొలవదగ్గ ఆధారం ఉంది: మంచు సాంద్రతను 1.1తో గుణించడం. సాంద్రత 0.35 అయితే 0.385, 0.45 అయితే దాదాపు 0.5, 0.5 అయితే 0.55. తాజా మంచు 0.1 సాంద్రతకు 0.11 మాత్రమే. అంటే సీజన్ ముదిరే కొద్దీ గుణకం పెరగాలి, పై జోన్లలో అదే నెలలో తక్కువుండాలి. మీ కాలిబ్రేషన్, అంటే కొలతలకు కుదిరేలా గుణకాలను సర్దడం, దీనికి ఎదురు నడిస్తే, పైన చెప్పినవాటిలో ఏదో దాక్కుని ఉంది. 1 మి.మీ. నీరు కరగడానికి చదరపు మీటరుకు 334 కిలోజౌళ్ళు కావాలి. రోజంతా పరిస్తే 3.9 వాట్లు. గుణకం 0.9 పెట్టి 8 డిగ్రీలకి రోజుకు 72 మి.మీ. కరిగిస్తున్నారంటే రోజంతా సగటున 280 వాట్లు మంచులోకే దిగాలి. పాత మంచు కూడా వచ్చిన వెలుగులో సగం తిప్పికొడుతుంది. ఎక్కడినుంచి తెస్తారు?

వాన మంచును తెగ కరిగిస్తుందని ఒక నమ్మకం ఉంది. 10 డిగ్రీల వాన 10 మి.మీ. పడితే దాని వేడితో కరిగేది 1.25 మి.మీ. మాత్రమే. వాన రోజుల్లో నిజంగా కరిగించేది తేమ గాలి. మంచు మీద 1 మి.మీ. ఆవిరి నీరుగా మారితే వచ్చే వేడికి 7.5 మి.మీ. మంచు కరుగుతుంది. గాలి వేగం, తేమ లేని డిగ్రీ-డే మోడల్‌కి ఇది పట్టదు. అలాంటి రోజులే మీకు ముఖ్యమైతే మంచులోకి వచ్చే, పోయే వేడినంతా లెక్కగట్టే శక్తి సమతుల్యత మోడల్ ఏదైనా తీసుకోవాల్సిందే. కానీ దానికి సూర్యరశ్మి, గాలి, తేమ గంటగంటకూ కావాలి. లోయ స్టేషన్ల నుంచి వాటిని ఊహించి పెడితే డిగ్రీ-డే కంటే మెరుగేమీ కాదు.

వర్షమా మంచా అని తేల్చే హద్దు ఉష్ణోగ్రత సీజన్ మొదట్లో 3 డిగ్రీల దగ్గర మొదలై తర్వాత 1కి దిగువన ఉంటుంది. లాప్స్ రేటు తప్పుంటే ఇక్కడా అదే తప్పు. జూలై వానను పై జోన్లలో మంచుగా రాసుకుని వరదను మింగేస్తుంది. 2023 జూలై 9, 10 తేదీల్లో కులు, మనాలీని ముంచినది పశ్చిమ అలజడి, రుతుపవనాలు కలిసి కురిపించిన వర్షం. అలాంటి వరదను స్నోమెల్ట్ గుణకాలతో అందుకోవాలని చూడటం దండగ. ఆ రోజులను కాలిబ్రేషన్‌లోంచి పక్కన పెట్టండి.

కొలిచిన ప్రవాహాన్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. 1977 నాటి పండో డ్యాం నీటిని సొరంగాలగుండా సట్లెజ్ వైపు, 990 మెగావాట్ల దేహార్ విద్యుత్ కేంద్రానికి మళ్ళిస్తుంది. కాబట్టి ఇన్‌ఫ్లో అంటే డ్యాం కిందికి వదిలింది, సొరంగంలోకి మళ్ళించింది, జలాశయంలో నిల్వ మార్పు, మూడూ కలిపినది. కింద గేజీ అంకె ఒక్కటే తీసుకుంటే చలికాలంలో నది ఎండినట్టే ఉంటుంది. పైన లార్జీ, మలాణా, పార్బతి-3 లాంటివి ఉన్నాయి. రోజు సగటుకి వాటి ప్రభావం తక్కువ గానీ గంటల లెక్కలో నది గేట్ల మాట వింటుంది, మంచు మాట కాదు. తెలుగునాట బియాస్ పేరు చాలామందికి తెలిసిందే ఆ విధంగా. 2014 జూన్ 8న లార్జీ నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో థలౌట్ దగ్గర 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. గంటల మోడల్ కట్టాలనుకునేవాళ్ళకి గేట్ల రికార్డు లేకుండా పని కాదు.

తగ్గుదల గుణకానికి, వరుసగా ప్రవాహం తగ్గిన రోజుల్లో నేటి ప్రవాహం అడ్డంగా, రేపటి ప్రవాహం నిలువుగా, రెండూ లాగ్ స్కేలులో వేసి కింది అంచు గీత గీస్తారు. 100 క్యూమెక్కుల దగ్గర 0.90, 400 దగ్గర 0.85 వచ్చిందనుకోండి. ప్రవాహాన్ని ఒక ఘాతానికి పెంచి దాంతో ముందుండే అంకెను భాగిస్తే గుణకం వచ్చేలా రాసుకుంటే, ఘాతం 0.041, ముందుండే అంకె 1.09 దాకా వస్తాయి. పండోకి ఇది బాగానే పనిచేస్తుంది. అవే అంకెలను పైన ఒక చిన్న నాలాకు వాడితే ప్రవాహం 8 క్యూమెక్కుల కిందికి దిగగానే గుణకం 1 దాటుతుంది. ఇన్‌పుట్ ఏమీ లేకపోయినా నది పెరుగుతూ పోతుంది! విస్తీర్ణాన్ని బట్టి అంకె తగ్గించుకోవాలి, లేదా 0.99 దగ్గర పైకప్పు వేయాలి. ఆలస్యం కూడా చూసుకోండి. 18 గంటలైతే నేటి కరుగంతా రేపటి ప్రవాహం. 12 గంటలైతే రేపటి ప్రవాహంలో నేటి కరుగు ముప్పావు, రేపటి కరుగు పావు. 6 గంటలైతే చెరి సగం.

నాష్ విలువ గురించి ఒక మాట. బియాస్‌లో జనవరికీ జూలైకీ తేడా అంత ఉంటుంది కాబట్టి, ప్రతి తేదీకీ గత పదేళ్ళ సగటు ప్రవాహం రాసిచ్చినా నాష్ గౌరవంగానే వస్తుంది. మీ మోడల్‌ని ఆ సగటుతోనే పోల్చండి, దాన్ని ఓడించలేకపోతే మోడల్ లేనట్టే. మార్చి–జూన్‌ని విడిగా లెక్కించండి. జూలై–ఆగస్టు వాన పెద్ద అంకెలతో మిగతా తప్పులన్నీ కప్పేస్తుంది. మొత్తం నీటి పరిమాణంలో తేడా ఎన్ని శాతమో పక్కనే రాయండి.

రాబోయే సీజన్‌కి ముందస్తు అంచనా కావాలంటే తేదీల మీద గీసిన మంచు తగ్గుదల వక్రం పనికిరాదు, ఎందుకంటే వచ్చే నెల మంచు విస్తీర్ణం ఇంకా తెలియదు. మంచు వాటాను తేదీతో కాకుండా పోగైన కరుగు లోతుతో గీసిన వక్రం కావాలి. దాని కింది వైశాల్యమే సీజన్ మొదట్లో ఆ జోన్‌లో పేరుకున్న సగటు నీటి లోతు. గత ఏళ్ళకి ఇలాంటి వక్రాలు గీసి, ఏప్రిల్ మొదట్లో ఈ ఏడాది వాటా ఏ వక్రం మీద నడుస్తోందో చూసి దాన్ని పట్టుకోవాలి. వక్రం గీసేటప్పుడు మధ్యలో పడిన కొత్త మంచు కరుగును పోగైన మొత్తంలోంచి తీసేయాలి. తీయకపోతే కింద అసలు మంచు ఉన్నదానికంటే ఎక్కువని తేలుతుంది, మే అంచనా ఉబ్బిపోతుంది. ఉష్ణోగ్రతకు ఒక్క సగటు పెట్టకుండా గత ఏళ్ళ ఉష్ణోగ్రతలన్నీ ఒక్కొక్కటిగా నడిపి ప్రవాహాల పరిధి ఇవ్వండి. ఏప్రిల్ మధ్య నుంచి మేఘం లేని ప్రతి చిత్రంతో వక్రాన్ని సరిచూసుకోండి. వరుసగా రెండు చిత్రాలు ఒకే వైపు పది శాతం తప్పితే వక్రం మార్చాలి, గుణకం కాదు.